ఉప్పుగాలి ఊరిలో పాత జావా, యెజ్డీలను ఇంట్లోనే బాగుచేసుకోవడం: కాగితాల నుంచి తొలి పరుగు దాకా

పాత బండి చేతికి రాగానే చాలామంది రంగుతో మొదలుపెడతారు. ట్యాంకు మెరిసిపోతుంది, హ్యాండిల్‌కు కొత్త క్రోమ్ వస్తుంది, తీరా ఇంజను విప్పే సమయానికి డబ్బూ ఓపికా అయిపోయి బండి మూలపడుతుంది. అందుకే ఇక్కడ వరుస తిరగేసి చెబుతున్నాను. ముందు కాగితాలు, తరువాత ఇంజను, ఆ తరువాత రంగు లేకుండానే బండి మొత్తం బిగించి నడిపి చూడటం, అన్నిటికన్నా చివర రంగు. విశాఖపట్నంలో ఈ పనికి దిగేవాళ్లకు ఇంకో పట్టింపు తప్పదు. సముద్రం నుంచి వచ్చే ఉప్పు ఇనుములో ఎక్కడ దాగి ఉందో వెతికి కడిగేయకపోతే ఎంత ఖరీదైన రంగైనా రెండు వర్షాకాలాలు దాటదు.

ఉదాహరణకు 250 సీసీ జావా, యెజ్డీలను తీసుకున్నాను. వీటి ఉత్పత్తి 1961లో మైసూరులో మొదలైంది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇవి టూ స్ట్రోక్ బళ్లు. వాల్వులు, క్యామ్ షాఫ్టు ఉండవు. ఇంట్లో మొదటిసారి ఇంజను విప్పేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి లేదు. రాజ్‌దూత్ 175 ఉన్నవాళ్లకూ ఇక్కడి మాటల్లో చాలా భాగం వర్తిస్తుంది. పాత బుల్లెట్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఇంజను భాగం వేరు, మిగతాదంతా ఇదే.

బండిని ఎంచుకోవడం

పిస్టన్ పట్టేసిన బండిని చూసి భయపడకండి. సామాను పోయిన బండిని చూసి భయపడండి. పిస్టన్, రింగులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు ఈరోజుకీ దొరుకుతాయి. అసలు హెడ్‌లైట్ గిన్నె, స్పీడోమీటరు, జావాలకు వచ్చిన జికోవ్ కార్బొరేటరు, చైనును పూర్తిగా మూసి ఉంచే రేకు కేసు మాత్రం ఒకసారి పోతే వెతుక్కోవాల్సిందే. నా లెక్కలో, పైకి మెరుస్తూ సగం సామాను లేని బండి కన్నా తుప్పు పట్టినా అన్నీ ఉన్న బండే చవక.

తరువాత తుప్పు ఎంత లోతుకు వెళ్లిందో చూడాలి. చిన్న సుత్తితో ఫ్రేము పొడవునా మెల్లగా తట్టుతూ వెళ్లండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, లోపల తినేసిన చోట మొద్దు శబ్దం వస్తుంది. బ్యాటరీ పెట్టె అడుగు, సీటు కింద రేకు, వెనక మడ్‌గార్డు లోపలి అంచు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) ఫ్రేముకు కలిసే చోటు తప్పక చూడండి. పెద్ద జాలరిపేట, లాసన్స్ బే వంటి సముద్రం పక్క పేటల్లో ఏళ్లపాటు నిలిచిన బండికీ, పెందుర్తి వైపు నిలిచిన బండికీ ఇక్కడే తేడా తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక షెడ్డులో పడేసి మళ్లీ ముట్టని బండి అయితే, గేర్‌బాక్సు అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి చూడండి. ఆయిల్‌కు ముందు నీళ్లు కారినా, ఆయిల్ పాలలా తెల్లగా వచ్చినా లోపలి బేరింగులన్నీ మార్చాల్సినవేనని లెక్కేసుకోండి.

డబ్బు ఇచ్చే ముందు కాగితాలు

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడాలి. నెంబరు మీద పేరుకున్న జిడ్డును కిరోసిన్ గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. అంకెలు అరగదీసినట్లో కొత్తగా కొట్టినట్లో అనిపిస్తే ఆ బండి వద్దు. యజమాని పేరు మార్పుకు ఫారం 29, 30, వేరే రిజిస్ట్రేషన్ అథారిటీ నుంచి వస్తే ఎన్‌ఓసీకి ఫారం 28, గడువు తీరిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఫారం 25 కావాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు. కనుక ఏపీ 31 నెంబరున్న పాత బండికి పొడిగింపు జరిగిందో లేదో అడిగి తెలుసుకోండి.

మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 కేంద్ర నిబంధనలు వింటేజ్ గుర్తింపు ఇచ్చాయి. నెంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ఆ నెంబరుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ వెళ్లవచ్చు గాని రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వీల్లేదు. 1978లో వచ్చిన రోడ్‌కింగ్ వంటి తరువాతి యెజ్డీలకు ఈ దారి కన్నా మామూలు పునరుద్ధరణే మేలు. జావా పేరుతో వచ్చిన తొలినాటి బండి అయితే, ఇంజను గాని ఛాసిస్ గాని మార్చే ముందు రెండుసార్లు ఆలోచించండి. అసలు రూపం పోతే గుర్తింపు కూడా పోతుంది.

విప్పే ముందు, విప్పేటప్పుడు

గాలి ఆడే చోటు, తలుపు వేసుకునే వీలు, గట్టి బల్ల, దాని మీద బెంచి వైస్ ఉంటే చాలు. పానాల సెట్టు, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట), మల్టీమీటర్, క్లచ్ పుల్లర్, డైనమో విప్పే పుల్లర్ సమకూర్చుకోండి. పుల్లర్ లేదని స్క్రూడ్రైవరు దోపి ఎత్తితే క్రాంక్ చివర పాడవుతుంది. ఆ ఒక్క చోట మాత్రం డబ్బు ఆదా చేయవద్దు.

విప్పే ప్రతి భాగాన్నీ మూడు వైపుల నుంచి ఫొటో తీయండి, ముఖ్యంగా కేబుళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో చూపించేలా. నట్లు, బోల్టులను ఒకే డబ్బాలో వేయకుండా భాగానికో కవరు పెట్టి, లోపల కాగితం మీద పేరు రాసి ఉంచండి. కవరు పైన పెన్నుతో రాస్తే నూనె చేతులకు చెరిగిపోతుంది. విరిగిన ముక్కనూ అరిగిన వాషరునూ కొత్తది బిగించేదాకా పారేయకండి, కొలతలకు అవే ఆధారం.

పట్టేసిన ఇంజనును కిక్‌తో బలవంతంగా తిప్పకూడదు. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డీజిలు, టూ స్ట్రోక్ ఆయిలు సమపాళ్లలో కలిపి పోసి కొన్ని రోజులు వదిలేయండి. అప్పటికీ కదలకపోతే హెడ్డు విప్పి, పిస్టన్ మీద చెక్క దిమ్మె పెట్టి మెల్లగా తట్టాలి. ఇనుప సుత్తి నేరుగా పిస్టన్‌కు తగలకూడదు.

తుప్పు, దాని వెనక ఉప్పు

తుప్పును గీకేస్తే పని అయిపోయిందనుకుంటారు. తుప్పు గుంటల అడుగున ఉప్పు ఉండిపోతుంది. దాని మీద ప్రైమర్ కొడితే గాలిలోని తేమను ఆ ఉప్పు లాక్కుని రంగు కింద బొబ్బలు లేపుతుంది. కాబట్టి వైరు బ్రష్షుతో గానీ ఇసుక బ్లాస్టింగుతో గానీ తుప్పు తీశాక, మంచినీళ్లతో ధారాళంగా కడిగి, వేడిగాలితో వెంటనే ఆరబెట్టి, ఆరోజే ప్రైమర్ వేయాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో ఆ నీటితో కడగవద్దు. ఇసుక బ్లాస్టింగుకు ఇచ్చేటప్పుడు ఛాసిస్ నెంబరు మీద మందపాటి టేపు వేసి ఇవ్వండి.

చిన్న సామానుకు ఇంట్లోనే కరెంటు పద్ధతి బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, లీటరుకు ఒక చెంచా చొప్పున బట్టల సోడా కలపండి. బ్యాటరీ ఛార్జరు నెగటివ్ క్లిప్పును తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్‌ను పనికిరాని ఇనుప చువ్వకు తగిలించండి. రెండూ తాకకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి బురదలా మారి బ్రష్షుకు ఊడివస్తుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ పెట్టకండి, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. ఇందులో హైడ్రోజన్ వాయువు పుడుతుంది గనుక ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. అల్యూమినియం, స్ప్రింగులు, క్రోమ్ సామాను ఈ తొట్టిలో వేయవద్దు.

ఇంజను

టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ కేసు కేవలం పెట్టె కాదు, అది ఒక పంపు. పిస్టన్ కిందికి దిగేటప్పుడు పెట్రోలు కలిసిన గాలిని సిలిండరులోకి తోసేది అదే. అందుకే గాలి చొరబడే చిన్న సందు కూడా ఇక్కడ పెద్ద జబ్బే. క్రాంక్‌కు అటూ ఇటూ ఉన్న ఆయిల్ సీళ్లు ఎండిపోతే రెండు వేర్వేరు లక్షణాలు కనిపిస్తాయి. క్లచ్ వైపు సీలు పోతే లోపలి ఆయిల్‌ను ఇంజను పీల్చుకుంటుంది, తెల్లటి దట్టమైన పొగ ఆగదు, ఆయిల్ మట్టం తగ్గిపోతుంది. డైనమో వైపు సీలు పోతే బయటి గాలిని పీలుస్తుంది, యాక్సిలరేటరు వదిలినా ఇంజను పరుగెడుతుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. కార్బొరేటరును ఎంత సర్దినా ఈ రెండూ కుదరవు. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో సీళ్లు బాగున్నాయని ఎవరు చెప్పినా నమ్మకుండా కేసు విప్పి మార్చేయండి.

కేసు విప్పాక క్రాంక్ సంగతి. కనెక్టింగ్ రాడ్డును నిలువుగా పట్టుకుని పైకీ కిందికీ లాగండి. ఏ కొంచెం ఆడినా రాడ్ కిట్ మార్చాలి. పక్కకు కొద్దిగా జరగడం సహజం, దాన్ని లోపంగా లెక్కించకండి. ఈ క్రాంక్ ముక్కలను ప్రెస్సుతో బిగించి తయారుచేస్తారు గనుక ఇంట్లో చేసే పని కాదు. ప్రెస్సు, డయల్ గేజ్ ఉన్న లేత్ షెడ్డుకు ఇవ్వండి, వంకర 0.05 మి.మీ. దాటకుండా సరిచేయమని అడిగి, గేజ్ ముల్లును మీ కళ్లతో చూసి తీసుకోండి. ఈ విషయంలో మన ఊరు అదృష్టవంతమైనది. గాజువాక ఆటోనగర్ వైపు లేత్ షెడ్లకు కొదవలేదు. షిప్‌యార్డులోనో, ఉక్కు కర్మాగారంలోనో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న టర్నర్లు, ఫిట్టర్లు ప్రతి కాలనీలో ఉన్నారు. అలాంటి పెద్దాయన ఒకరిని పరిచయం చేసుకుని, ‘బాబాయిగారూ, ఒకసారి ఈ క్రాంక్ చూసిపెడతారా’ అని అడగండి. పుస్తకాల్లో దొరకని మాటలు దొరుకుతాయి.

సిలిండరు గీతలు పడి ఉంటే బోరింగ్, అంటే లోపలి గోడను కోసి కొద్దిగా వెడల్పు చేయించడం, తప్పదు. ముందు పిస్టన్ కొని, దాన్ని లేత్ వాళ్లకు ఇచ్చి, దానికి సరిపడా బోరు చేయించాలి గాని, బోరు అయ్యాక పిస్టన్ వెతకకూడదు. ఓవర్‌సైజులు (అసలు కన్నా పెద్ద పిస్టన్లు) మామూలుగా 0.25 మి.మీ. మెట్లలో వస్తాయి. సిలిండరు తిరిగి వచ్చాక చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. సిలిండరు గోడలో ఉండే పోర్టుల (గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాల) అంచులు బోరింగ్ తరువాత బ్లేడులా తయారవుతాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. సన్నని ఆకురాయితో ఆ అంచులను కొద్దిగా మొద్దుబార్చాలి. లేకపోతే రింగు వెళ్లి అక్కడ తగులుకుని విరుగుతుంది. తరువాత రింగును ఒంటరిగా సిలిండరులోకి దింపి, చివరల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. 65 మి.మీ. బోరుకు 0.25 మి.మీ. దగ్గర ఉంటే బాగుంటుంది. బిగించే ముందు సిలిండరును వేడి సబ్బు నీళ్లతో కడిగి, తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు బూడిదరంగు అంటినన్నాళ్లూ లోపల రాతిపొడి మిగిలి ఉన్నట్టే. గుడ్డ తెల్లగా వచ్చాక వెంటనే నూనె పూయండి, మన తేమకు అరగంటలో తుప్పు ఛాయ వస్తుంది.

నిప్పురవ్వ ఎప్పుడు రావాలో తేల్చే కాంటాక్ట్ పాయింట్లను శుభ్రం చేసి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.4 మి.మీ. ఉండేలా పెట్టండి. టైమింగ్‌కు ఖరీదైన పరికరం అక్కర్లేదు. పిస్టన్ పైకొసకు ఎన్ని మి.మీ. ముందు నిప్పురవ్వ రావాలో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి లోతు కొలుస్తూ పిస్టన్‌ను ఆ చోట నిలపండి. పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి మెల్లగా లాగుతూ, పాయింట్లు బిగించి ఉన్న పళ్లెం జరపండి. కాగితం అప్పుడే వదులై జారిన చోట పళ్లెం బిగిస్తే సరి. కండెన్సరు మాత్రం పాతది ఉంచుకోకండి.

ట్యాంకు, కార్బొరేటరు

ట్యాంకు లోపలి తుప్పుకు కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. వేడినీళ్లలో లీటరుకు 80 గ్రాముల దాకా కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచండి. నీళ్లు చిక్కటి కషాయం రంగుకు తిరుగుతాయి. పారబోసి, బట్టల సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో మరోసారి కడిగి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, ఆలస్యం లేకుండా పెట్రోలు, టూ స్ట్రోక్ ఆయిలు కలిపి లోపలంతా తిప్పండి. ఈ చివరి పని వాయిదా వేస్తే తెల్లారేసరికి లోపల మళ్లీ ఎర్రబడుతుంది. ట్యాంకుకు చిల్లు ఉంటే వెల్డింగ్ గురించి మీరు ఆలోచించవద్దు. ఎండిపోయిన ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి పేలుతుంది. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పైపులు, నీడిల్, ప్యాకింగులు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయండి. బండిని నెలకొకసారే తీసేవాళ్లు ప్రతిసారీ చివర పెట్రోలు కాక్ మూసి, కార్బొరేటరు ఖాళీ అయ్యేదాకా ఇంజనును నడిపి ఆపాలి. జెట్ రంధ్రాలను తీగతో పొడవకండి, నైలాన్ పీచు వాడండి.

వైరింగు, చక్రాలు, బ్రేకులు

పాత వైరింగుకు అతుకులు వేస్తూ కూర్చోవడం కన్నా పటం చూసి కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) వేయడమే సుఖం. బ్యాటరీ ఆరు వోల్టులదో పన్నెండుదో, ఏ ధ్రువం ఫ్రేముకు వెళ్తుందో తేల్చుకున్నాకే కలపండి. ఎర్త్ వైరు తగిలే ప్రతిచోటా రంగు గీకి, బిగించాక వాసెలిన్ పూయాలి. సగం లైటు జబ్బులు అక్కడే నయమవుతాయి.

పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడిని గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడిచి గుడ్డను కవరులో కట్టి పారేయండి. స్పోకులు నిప్పిల్ దగ్గర తుప్పుపట్టి విరుగుతాయి. అసలుదనం మీద పట్టుదల ఉన్నవాళ్లు ఒప్పుకోరు గాని, విశాఖలో నడిచే బండికి నేను స్టెయిన్‌లెస్ స్పోకులే వేయమంటాను. అదే స్టెయిన్‌లెస్ బోల్టును అల్యూమినియం కేసులో పొడిగా బిగిస్తే మాత్రం ఉప్పుగాలికి అల్యూమినియం తినేసి బోల్టు పట్టుకుపోతుంది. మరలకు గ్రీజు పూసి బిగించండి. చైను కేసును బరువని తీసేయకండి, బీచ్ ఇసుక నుంచి చైనును కాపాడేది అదే.

రంగుకు ముందు ఒక పూర్తి బిగింపు

ఇప్పుడు ప్రైమర్ మీదే బండి మొత్తం బిగించండి. మడ్‌గార్డు రంధ్రాలు కుదరకపోవడం, సైలెన్సరు ఫుట్‌రెస్ట్‌కు తగలడం, కొత్త కేబుల్ పొట్టిగా ఉండటం అన్నీ ఇప్పుడే బయటపడతాయి. ఇప్పుడు రేకు కోయవచ్చు, వంచవచ్చు, రంగు పాడవుతుందన్న బెంగ లేదు. ఇంజను వేడిగానూ చల్లగానూ సులువుగా అందుకుంటోందా, గేర్లు నాలుగూ పడుతున్నాయా, ఎక్కడైనా కారుతోందా చూసి, సరిచేసి, మళ్లీ విప్పి రంగుకు పంపాలి. రెండుసార్లు శ్రమ అని ఎవరైనా అంటే, రంగు వేసిన ఫ్రేము మీద వెల్డింగ్ చేయించినవాళ్లను అడిగి చూడమనండి.

దసరాకు ఆయుధ పూజలో బండి నిలబెట్టాలని చాలామంది ఆగస్టు, సెప్టెంబరుల్లో రంగు వేయిస్తారు. మన ఊరికి అది సరైన కాలం కాదు. తేమ ఎక్కువున్న రోజు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు కొడితే పైన నీటి ఆవిరి చేరి తెల్లగా పొగబారుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల రోజులు. జనవరి నుంచి మార్చి మొదటి దాకా, మంచు ఆరాక, మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందు పని జరగాలి. రెండు భాగాలు కలిపి వాడే పీయూ (పాలీయురెథేన్) రంగులో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. దాన్ని బూత్ ఉన్నవాళ్లకే వదిలేయండి.

క్రోమ్ కూడా ఇంటి పని కాదు. ప్లేటింగ్ షాపులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, కింద నికెల్ పొర ఎంత మందం వేస్తారని. తుప్పును ఆపేది ఆ నికెల్ పొరే. క్రోమ్ పొర చాలా పల్చన, మెరుపుకూ గట్టిదనానికీ. ఇచ్చే ముందు ప్రతి భాగానికీ ఫొటో తీసి, జాబితా రాసి సంతకం తీసుకోండి.

తొలి వెయ్యి కిలోమీటర్లు

చివరి బిగింపు అయ్యాక పెట్రోలులో లీటరుకు 40 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిలు కలపండి. మన ఊరి ఆనవాయితీ ప్రకారం ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి బయలుదేరండి. మొదటి 500 కి.మీ. గంటకు 50 దాటకుండా, ఒకే వేగంలో సాగకుండా పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. భీమిలి దారి దీనికి బాగుంటుంది, తెల్లవారుజామున ట్రాఫిక్ తక్కువ. నడుస్తుండగా ఇంజను శబ్దం బిగుసుకున్నట్టు మారినా, వెనక్కి లాగినట్టు అనిపించినా, ఆ క్షణమే యాక్సిలరేటరు మూసి క్లచ్ పట్టుకోండి. ఎడమచేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచడం ఈ తొలి రోజుల్లో మంచి అలవాటు.

ప్లగ్గు తీసి రంగు చూస్తూ ఉండండి. లేత కాఫీ రంగు ఉంటే సరే. సున్నంలా తెల్లబడితే గాలి ఎక్కువవుతోంది, సీళ్లూ మానిఫోల్డ్ ప్యాకింగూ చూడాలి. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. మొదటి 100 కి.మీ. తరువాత చల్లటి ఇంజను మీద హెడ్డు నట్లు ఎదురెదురు వరుసలో మళ్లీ బిగించండి. 500 దగ్గర గేర్ ఆయిల్ మార్చి, పాత ఆయిల్‌ను తెల్ల పళ్లెంలో పోసి లోహపు రజను ఉందేమో చూడండి. ఆ తరువాతే సింహాచలం కొండ ఎక్కించి చూడండి. 1,000 దాటి, ప్లగ్గు రంగు నిలకడగా ఉందని తేలాక అనంతగిరి మలుపుల మీదుగా అరకు వెళ్లవచ్చు.

బీచ్ రోడ్డు మీదికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఇంజను చల్లారనిచ్చి, మంచినీళ్లతో మడ్‌గార్డుల లోపలి వైపు, స్పోకులు, సైలెన్సర్ల అడుగు కడిగి తుడవండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, పాత నూలు దుప్పటి కప్పండి. వానాకాలం మొదలయ్యే ముందు క్రోమ్ సామానుకు పల్చగా మైనం, బయటికి కనిపించని ఇనుముకు గ్రీజు పట్టించి, పక్షానికొకసారైనా బండిని పావుగంట సేపు రోడ్డు మీద నడపండి.